ఉద్దానం ఇసుకలో కంపెనీ టైర్లు

సంచికకు సైన్సు వ్యాసం ఇవ్వమని అడిగినప్పుడు అణువు గురించో, అంతరిక్షం గురించో రాయమని మిత్రులు సలహా ఇచ్చారు. నేను మా చిన్నాన్న పికప్ బండి టైర్ల గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కాని పోయిన కార్తీకంలో ఆ టైర్ల మూలంగానే మా పెద్దనాన్నకు డయాలసిస్ నాలుగు గంటలు ఆలస్యమైంది. ఆ నాలుగు గంటలు ఆయన ఎలా ఊపిరి తీసుకున్నాడో చూసినవాణ్ణి నేను.

మాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు సముద్రం పొడుగునా కొబ్బరి, జీడి, పనస తోటలతో ఉండే ప్రాంతం. ఈ పచ్చదనం కింద కిడ్నీ జబ్బు ఉందన్న సంగతి అందరికీ తెలిసిందే. కారణం ఇదీ అని ఇన్నేళ్ల పరిశోధనలోనూ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అంతకు ముందు విశాఖ దాకా పోయిన వాళ్లెందరో. ఇప్పుడు దూరం తగ్గింది, నిజమే. కాని తోటలోంచి తారురోడ్డు దాకా ఉన్న ఇసక డొంక ఎవరికీ తగ్గలేదు.

ఆ రోజు జరిగింది చెబుతాను. ముందురోజు చిన్నాన్న బండినిండా కొబ్బరికాయలు వేసుకుని టెక్కలి వెళ్లొచ్చాడు. బరువు కదా అని వెనక చక్రాలకు 60 పౌండ్ల గాలి కొట్టించాడు. రాత్రి వాన పడింది. తెల్లవారుజామున పెద్దనాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఖాళీ బండితో బయలుదేరాం. డొంక బాగానే దాటాం. తారు ఎక్కి, పొలాల పక్క మలుపులో ఎదురుగా ఆవు అడ్డం రాగా చిన్నాన్న బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు చెప్పిన మాట విన్నాయి, వెనకవి వినలేదు. బండి వెనక భాగం తోక ఊపినట్టు పక్కకు పోయి మొత్తం బండి గోతిలోకి దిగింది. వేగం 50 కిలోమీటర్లు కూడా లేదు. దెబ్బలు తగల్లేదు గాని ట్రాక్టరు తెచ్చి లాగించేసరికి పొద్దెక్కిపోయింది.

ఊళ్లో అందరూ ఒకటే మాట: "కంపెనీ టైర్లు అలాగే ఉంటాయి, మార్చీండి." షోరూము నుంచి బండితో వచ్చిన టైర్లు పనికిరానివని మనవాళ్ల నమ్మకం. ఇది ఎంతవరకు నిజమో చూద్దామని పుస్తకాలు తిరగేశాను. చలికాలంలో టైర్ల గురించి రాసినదంతా మంచు దేశాల సంగతే. రబ్బరు చలికి గట్టిపడుతుంది. సుమారు 7 డిగ్రీల కంటే చల్లబడితే మామూలు వేసవి టైరు రోడ్డు గరుకులో ఇమడలేక జారుతుంది. అందుకే అక్కడ మెత్తటి రబ్బరుతో చలికాలపు టైర్లు వేరే చేస్తారు. కెనడాలోని క్విబెక్‌లో అయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అవి వేసుకోవడం చట్టం. మనకు ఆ బాధ లేదు. లంబసింగి లాంటి కొండలమీద తప్ప మన రాష్ట్రంలో అంత చలి ఎక్కడ? ఉద్దానంలో పుష్యమాసం తెల్లవారుజామున కూడా కంపెనీ టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది. మన టైరుకు చలికాలం అంటే ఆశ్వయుజ, కార్తీకాల వాన, తుపాను, రోడ్డుమీద బురద. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య బండ్లు దిగబడటం అప్పుడు కళ్లారా చూశాను.

ఇక ఆ మలుపులో ఏమైనట్టు? టైరు నేలను తాకే చోటు ఎంతో లెక్క కట్టడానికి ఇంటర్ భౌతికశాస్త్రం చాలు. చక్రం మీద బరువును లోపలి గాలి పీడనంతో భాగిస్తే తాకే వైశాల్యం సుమారుగా వస్తుంది. (టైరు గోడల బిగువు వల్ల కొంత తేడా ఉంటుంది, దాన్ని వదిలేద్దాం.) ఖాళీ బండిలో ఇంజను బరువంతా ముందే. వెనక ఒక్కో చక్రం మీద 340 కిలోలు అనుకుందాం. 60 పౌండ్లంటే చదరపు సెంటీమీటరుకు 4.2 కిలోలు. భాగిస్తే 81 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక అరచెయ్యి. గాలి 30 పౌండ్లయితే రెండు అరచేతులు. అదే కొబ్బరికాయలు నింపితే చక్రం మీద 900 కిలోలు పడి, 60 పౌండ్లతోనే 214 చదరపు సెంటీమీటర్లు నేలకు ఆనుతుంది. అంటే ముందురోజు సరిగ్గా సరిపోయిన గాలే మర్నాడు మమ్మల్ని గోతిలో దింపింది. పైగా గట్టి టైరు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది. గాలిలో ఉన్న చక్రానికి పట్టు ఎక్కడిది?

స్కేలు పెట్టి టైరు గాడులు కొలిచాను. అంచుల్లో 4 మిల్లీమీటర్లు, నడుమ 2. నడుమ అరిగిందంటే ఎప్పుడూ ఎక్కువ గాలితో తిరిగిందని అర్థం. తక్కువ గాలితో తిరిగితే అంచులు అరుగుతాయి. చట్టప్రకారం పికప్ లాంటి బండికి 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. కాని మా కంపెనీ టైరుకు గాడులు పొడుగునా నిలువుగా ఉంటాయి. తారు మీద బరువు మోయడానికి, మైలేజీకి అది మంచిదే. పొలం మన్ను ఆ గాడుల్లో కూరుకుంటే మాత్రం టైరు నున్నటి బోడిగుండు అవుతుంది. మా మలుపులో ట్రాక్టర్లు తెచ్చి పోసిన మన్నే ఉంది మరి.

ఈ లెక్క చూపిస్తే చిన్నాన్న ఒప్పుకోలేదు. "గాలి తక్కువైతే టైరు పాడైపోద్ది గదరా. బరువు మోసీది గాలే, రబ్బరు కాదు" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. బరువుతో వెళ్లేటప్పుడు గాలి తగ్గిస్తే టైరు గోడలు నలిగి, వేడెక్కి పేలిపోతాయి. ఇంకొకటి: జాతీయ రహదారి మీద నీళ్లు నిలిచినప్పుడు వేగంగా పోతే టైరు నీటిమీద తేలుతుంది. అది ఏ వేగంలో తేలేదీ గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని అమెరికా నాసా వాళ్లు విమాన చక్రాల మీద పరిశోధించి చెప్పారు. ఆ లెక్కన 36 పౌండ్లకు గంటకు 100 కిలోమీటర్లు, 25 పౌండ్లకు 83. అరిగిన టైరయితే కొద్దిపాటి నీటికే తేలుతుంది. కనుక పలాస నుంచి టెక్కలి పోయే పెద్ద రోడ్డుమీద తక్కువ గాలి ప్రమాదం, ఇసకలో ఎక్కువ గాలి ప్రమాదం. ఒకే గాలి రెండింటికీ కుదరదు.

ఇసక సంగతి మరీ చిత్రం. ఎండిన ఇసకలో కాలు దిగిపోతుంది, అలలు తడిపి వెళ్లిన చోట గట్టిగా ఉంటుంది. రేణువుల మధ్య పల్చటి నీటిపొర వాటిని పట్టి ఉంచుతుంది. నీరు మరీ నిండితే ఆ పట్టు మళ్లీ పోతుంది. ఆ రోజు వాన తడికి డొంక గట్టిపడబట్టే సులువుగా దాటాం. అదే వాన తారు మీద మమ్మల్ని జార్చింది. పొడి ఇసకలో దిగబడితే వెనక చక్రాలకు 20 పౌండ్ల దాకా గాలి తీసి, చక్రం గిరగిరా తిప్పకుండా నెమ్మదిగా లాగాలి. తారు ఎక్కగానే తిరిగి కొట్టాలి. బ్యాటరీతో పనిచేసే చిన్న గాలిపంపు ఒకటి కొనడానికి చిన్నాన్నను ఒప్పించేసరికి నా ప్రాణం పోయింది. ఖాళీకి ఎంత, బరువుకు ఎంత అన్నది డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద కంపెనీవాడే అచ్చువేశాడు. దాన్ని మా ఇంట్లో చదివినవాడు లేడు.

కంపెనీ టైర్లను తప్పుపట్టవలసిన పని నాకు కనిపించలేదు. అయినా వెనక రెండూ నడుమ అరిగిపోయాయి గనక కొత్తవి కొన్నాం. వాటిని ముందుకు వేయమని షాపు కుర్రాడు, వెనకే వేయమని నేను. ముందు చక్రం జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు, వెనకది జారితే స్టీరింగుకు పని ఉండదు. చివరకు వెనకే వేశారు.

మంచు దేశాల పుస్తకాల్లో మాకు పనికొచ్చినది ఇంకొకటి దొరికింది. అక్కడ పికప్ ఉన్నవాళ్లు చలికాలంలో వెనక ఇరుసు మీద ఇసక బస్తాలు వేసుకుంటారట. చిన్నాన్న పడీపడీ నవ్వాడు. "ఇసకలో ఉండీవోళ్లం, ఇసక బస్తాలు మొయ్యాలేటిరా!" అన్నాడు. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం తెల్లవారుజామున పెద్దనాన్నను ఎక్కించకముందే నాలుగు బస్తాలు ఎక్కించి తాడుతో బిగించేది ఆయనే. గాలి చూసే పని నాది. పెద్దనాన్న సీట్లో కూర్చుని, "ఎన్ని పౌండ్లురా?" అని అడిగి, నేను చెప్పాకనే తలుపు వేసుకుంటాడు.