ముక్కలు మగ్గాక బెల్లం

సంక్రాంతి విస్తట్లో ఎన్ని రకాలున్నా గుమ్మడికాయ బెల్లం కూర పడితేగాని మా ఇంట్లో పండగ భోజనం పూర్తయినట్టు కాదు. పండిన తీపి గుమ్మడి ముక్కలు ఒక్కటీ చితక్కుండా, బెల్లం పాకం పట్టి నిగనిగలాడుతూ, నేతి వాసనతో, పైన నువ్వుల పొడితో రావాలి. ముద్దపప్పు అన్నంలో నంజుకుంటే ముందు తీపి తగులుతుంది, వెనకాలే ఎండుమిరపకాయ కారం వస్తుంది. చూడ్డానికి తేలికైన కూరే. అయినా మా అమ్మాయి వరసగా రెండు సంక్రాంతులు దాన్ని పాడుచేసింది. కూపీ లాగితే తప్పు నా దగ్గర తేలింది. ఆ సంగతీ, కూర చేసే పద్ధతీ రెండూ చెబుతాను.

మాది బరంపురం. మా తాతగారు ఊరు మారలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు ఊరే మద్రాసు రాష్ట్రం నుంచి అటు వెళ్ళింది. అప్పటినుంచి మాకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. సంక్రాంతి నాడు పక్కింటివాళ్ళు మకర చౌళ పంపేవారు. కొత్త బియ్యం, కొబ్బరి, అరటిపండు, బెల్లం కలిపి చేసే ప్రసాదం అది. వచ్చిన గిన్నె ఖాళీగా పంపకూడదు కనుక అమ్మ అందులో మా గుమ్మడికాయ కూర పెట్టి పంపేది. ఏ కారణం చేతనైనా ఆలస్యమైతే వాళ్ళ పిల్లలే వచ్చి అడిగేవారు.

మా అమ్మాయి చదువంతా ఒడియాలోనూ, ఇంగ్లీషులోనూ సాగింది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, రాయడం మాత్రం రాదు. పెళ్ళయి పూణే వెళ్ళేముందు అమ్మమ్మ పక్కన కూర్చుని పండగ వంటలన్నీ ఒక నోటు పుస్తకంలో ఒడియా అక్షరాల్లో రాసుకుంది. మరుసటి ఏడు అమ్మ పోయింది. ఆ పుస్తకమే మిగిలింది.

మొదటి సంక్రాంతికి అల్లుడి స్నేహితుల్ని భోజనానికి పిలిచి ఈ కూర చేసింది. ముక్కల్లో నీళ్ళు పోసి ఉడికించి, తరువాత బెల్లం వేసింది. గరిటె తగలగానే అంతా ముద్దయిపోయింది. వచ్చినవాళ్ళు హల్వా అనుకుని తిన్నారట. రెండో ఏడు, ముక్క గట్టిగా ఉండాలని, మొదట్లోనే బెల్లం వేసింది. ఈసారి ముక్క గట్టిగానే ఉంది, కానీ ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా లోపల మెత్తబడలేదు. పాకం ముదిరి గిన్నెకి పట్టేసింది.

ఆ సాయంత్రం ఫోన్ చేసింది. గొంతు బాగా దిగాలుగా ఉంది.

"అమ్మమ్మ ఏం చెప్పిందో చదువు," అన్నాను.

"ముక్కలు ఉడికాక బెల్లం వెయ్యి అని ఉందమ్మా."

"అమ్మమ్మ ఉడికాక అని ఉండదే. మగ్గాక అని ఉంటుంది."

"మగ్గడమంటే ఉడకడమేగా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. అమ్మ మగ్గాక అంటే, పిల్లకి ఆ మాట తెలియక ఒడియాలో ఉడకడానికి వాడే మాట రాసుకుంది. పాతికేళ్ళు నా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగిన పిల్లకి ఆ ఒక్క మాట ఎందుకు రాలేదు? వంటింట్లోకి వస్తే "నీకెందుకు, వెళ్ళి చదువుకో" అని పంపించింది నేనే. చదువు మంచిదే, కాదనను. కానీ వంటింటి మాటలు పుస్తకాల్లో దొరకవు. పొయ్యి దగ్గర నిలబడి, మూత తీసి చూస్తేనే వస్తాయి.

ఆ రాత్రి ఫోన్లోనే నాలుగు మాటలు విడదీసి చెప్పాను. నూనెలోనో నేతిలోనో రంగు మారితే వేగడం. నీళ్ళలో మెత్తబడితే ఉడకడం. నీళ్ళు పోయకుండా, మూత కింద తన ఆవిరికి తానే మెత్తబడితే మగ్గడం. ఉన్న తడి ఆరి రసం దగ్గరపడితే ఇగరడం. "మామిడికాయల్ని గడ్డిలో మగ్గబెట్టేవాళ్ళం గుర్తుందా?" అన్నాను. "ఆఁ, ఆ మగ్గడమా!" అంది. మిగతాది చెప్పనక్కర లేకపోయింది.

ఈ కూర గుట్టంతా ఆ వరసలోనే ఉంది. కూరగాయలో కణాల్ని అతికి పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరుగుతుంది, ముక్క మెత్తబడుతుంది. తీపి ఎక్కువగా ఉన్నచోట ఆ కరగడం మందగిస్తుంది. బెల్లంలో ఉండే కాల్షియం కూడా పెక్టిన్‌ను బిగిస్తుంది. అందుకే పచ్చిముక్కల్లో బెల్లం వేస్తే అవి అలాగే ఉండిపోతాయి. మగ్గిన తరువాత వేస్తే అదే గుణం మనకు పనికొస్తుంది. మెత్తబడ్డ ముక్క ఇక చితక్కుండా బెల్లం దాన్ని నిలబెడుతుంది.

ఇక కాయ సంగతి. దీనికి కావలసింది తీపి గుమ్మడి, వడియాలు పెట్టే బూడిద గుమ్మడి కాదు. మన పాఠకులు తలో రాష్ట్రంలో ఉన్నారు కనుక అంగడి పేర్లు చెబుతున్నాను. కన్నడంలో సిహి కుంబళకాయి, తమిళంలో పరంగిక్కాయ్ లేదా మంజళ్ పూసణి, మరాఠీలో లాల్ భోపళా, ఒడియాలో బొయితి కఖారు. తమిళనాట ఉత్త పూసణి అంటే బూడిద గుమ్మడి ఇచ్చే ప్రమాదం ఉంది, చూసుకోండి.

తొడిమ ఎండి ఉండాలి. గోరు గుచ్చితే పైతోలు దిగకూడదు. అలాంటి కాయను గాలి ఆడే పొడిచోట కోయకుండా ఉంచితే రెండు, మూడు నెలలు నిలవ ఉంటుంది. ఆ నిలవలో కాయలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారి తీపి పెరుగుతుంది. పాతకాలంలో కాయల్ని అటక మీద పెట్టి సంక్రాంతికి దించడంలో ఆ లాభం కూడా ఉంది.

కావలసినవి (ఐదుగురికి): పండిన గుమ్మడి ముక్కలు అర కిలో, బెల్లం కోరు 100 గ్రాములు, నెయ్యి 2 పెద్ద చెంచాలు, ఆవాలు అర చెంచా, ఎండుమిరపకాయలు 3, కరివేపాకు 2 రెబ్బలు, పసుపు చిటికెడు, ఉప్పు అర చెంచా, వేయించి దంచిన నువ్వుల పొడి 2 చెంచాలు.

చేసే విధానం: గింజలు, పీచు తీసేసి, తోలు మరీ మొరటుగా లేకపోతే ఉంచేసి, అంగుళంన్నర ముక్కలు తరగండి. తోలు ఉంటే ముక్క చెదరదు. అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న మూకుడు తీసుకోండి. ముక్కలన్నీ ఒకే వరసలో పరుచుకోవాలి. ఒకదానిమీద ఒకటి పడితే కిందివి చితుకుతాయి, పైవి పచ్చిగా ఉంటాయి.

నెయ్యి కాగాక ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి, చిటపటమన్నాక ముక్కలు, ఉప్పు, పసుపు వేసి ఒక్కసారి కలపండి. సెగ బాగా తగ్గించి, అంచున్న పళ్ళెం మూత పెట్టి, ఆ పళ్ళెంలో కాసిని నీళ్ళు పోయండి. కూరలో మాత్రం చుక్క నీరు పోయవద్దు. మూత చల్లగా ఉంటే లోపలి ఆవిరి దానికి తగిలి నీరై మళ్ళీ ముక్కల మీదే పడుతుంది, అడుగంటదు. 8 నుంచి 10 నిమిషాలకు ఒక ముక్కను ఫోర్కుతో గుచ్చండి. సులువుగా దిగాలి గాని ముక్క విడిపోకూడదు. అదీ మగ్గడమంటే.

ఇప్పుడు బెల్లం కోరు పైన చల్లి, కలపకుండా మళ్ళీ మూత పెట్టండి. మూడు నిమిషాల తరువాత చూస్తే కూరంతా నీళ్ళమయమై కనిపిస్తుంది. కంగారు పడకండి. కరిగిన బెల్లం ముక్కల్లోని నీటిని బయటికి లాగింది, అంతే. మూత తీసేసి సెగ కొంచెం పెంచండి. గరిటె పెట్టవద్దు. మూకుణ్ణి రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని కుదుపుతూ ఉండండి. ఆరేడు నిమిషాలకు సన్నగా ఉన్న బుడగలు పెద్దవై, నెమ్మదిగా పగులుతాయి. పాకం ముక్కకి అంటుకుని మెరుస్తుంది. ఇంకాస్త దగ్గరపడాలి అనిపించినప్పుడే దించెయ్యండి. చల్లారేసరికి అది మరింత చిక్కబడుతుంది. నువ్వుల పొడి చల్లి మరొక్కసారి కుదపండి.

మీ బెల్లంలో ఇసుకా, పిప్పీ ఉంటే ముందుగా రెండు చెంచాల నీళ్ళలో కరిగించి వడకట్టుకోండి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళుంటే బెల్లం వేయకముందే నాలుగు మగ్గిన ముక్కలు పక్కకి తీసి, కాస్త నూరిన ఆవపిండి కలిపి పెట్టండి. మా నాన్నగారికి అమ్మ అలాగే పెట్టేది. పండగ పూట ఆయన విస్తరి వేరుగా కనిపించేది కాదు.

తరువాతి సంక్రాంతికి నేనే పూణే వెళ్ళాను. అమ్మాయి నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. మూత మీద నీళ్ళు పోసింది. ఫోర్కు గుచ్చి చూసింది. మనవరాలు పక్కనే నిలబడి, "మగ్గిందా? మగ్గిందా?" అని ఊపిరి తిప్పుకోకుండా అడుగుతోంది. చదువుకోమని ఆ పిల్లని ఎవరూ పంపించెయ్యలేదు.

చివర్లో నువ్వుల పొడికి బదులు, ఆ ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఉండే వేయించిన వేరుశెనగ పొడి చల్లింది. మా అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు. ముక్క నిలబడింది, పాకం మెరిసింది, లోపల వెన్నలా ఉంది. నేను నోరు మెదపకుండా తిని, మారు వడ్డించమన్నాను.