స్పితి లోయలో సున్నపురాతి గండి

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో కిబ్బర్, చిచమ్ అనే రెండు ఊళ్ల మధ్య నిట్టనిలువు గోడలతో ఒక ఇరుకైన గండి ఉంది. 2017లో వంతెన వచ్చేదాకా జనం తాడుకు వేలాడే తొట్టెలో కూర్చుని దీన్ని దాటేవారు. సముద్రమట్టానికి 4,100 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే కాళ్లు వణుకుతాయి. కానీ అసలు చూడవలసింది ఎదుటి గోడను.

ఆ గోడ సున్నపురాయి. సుమారు 20 కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది. దాని లోతు తక్కువ నీళ్లలో పేరుకున్న సున్నపు బురద, గవ్వల ముక్కలు పొరలు పొరలుగా గట్టిపడ్డాయి. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం భారత ఫలకం ఆసియాను ఢీకొనసాగింది. సముద్రం మూసుకుపోయింది, దాని అడుగు ముడతలు పడి పైకి లేచింది.

ఇక్కడొక చిక్కు ప్రశ్న. వాననీటిలో కార్బన్ డయాక్సైడ్ కలిస్తే కార్బానిక్ ఆమ్లం ఏర్పడి సున్నపురాయిని కరిగిస్తుందని మీరు చదువుకునే ఉంటారు. నంద్యాల జిల్లాలో 3,229 మీటర్ల పొడవైన బెలుం గుహలను తొలిచింది అలాంటి నీళ్లే. మరి స్పితిలో గోడలు కరిగిపోకుండా ఇంత నిటారుగా ఎలా నిలిచాయి?

ఇక్కడ వాన చాలా తక్కువ. రుతుపవన మేఘాలను దక్షిణాన ఉన్న ఎత్తైన శ్రేణులు అడ్డుకుంటాయి. మట్టి పలచన, చెట్లు అరుదు. కుళ్లే ఆకుల నుంచి, వేళ్ల నుంచి నీటికి చేరే కార్బన్ డయాక్సైడ్ కూడా స్వల్పమే. అందుచేత గోడలు కరగడం బహు నెమ్మది. అడుగున మాత్రం మంచు కరిగిన నీరు ఇసుకను, గులకరాళ్లను ఈడ్చుకొస్తూ రంపంలా కోస్తుంది. కొండ పైకి లేచేకొద్దీ వాలు పెరిగి ఆ కోత మరింత పదునెక్కుతుంది. గోడలు అసలే చెదరవని కాదు. పగుళ్లలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, పెచ్చులు ఊడతాయి. అంచుల మీదికీ, గోడల కిందికీ వెళ్లకండి.

దగ్గరలోనే లంగ్జా అనే ఊరుంది. సున్నపురాతికి పైన ఉండే నల్లని షేల్ పొరల్లో అక్కడ అమ్మోనైట్ శిలాజాలు దొరుకుతాయి. మన ఇళ్లలో పూజించే గండకీ సాలగ్రామాలూ ఇవే. వీటిని అమ్మజూపేవారు ఎదురవుతారు, కొనకండి, ఏరుకోనూ వద్దు. ఏ జాతి అమ్మోనైట్ ఏ పొరలో ఉందో చూసే భూవిజ్ఞానులు ఆ పొర వయసు కడతారు. చోటు తెలియకుండా జేబులోకి చేరిన శిలాజం ఆ లెక్కకు పనికిరాదు.

వెళ్లేవారికి సిమ్లా, కిన్నౌర్‌ల మీదుగా దారి మేలు. ఎత్తు క్రమంగా పెరుగుతుంది. మనాలీ వైపు కుంజుమ్ కనుమ శీతాకాలంలో మూసుకుపోతుంది. ఎటు వెళ్లినా కాజాలో రెండు రాత్రులు ఆగి, తలనొప్పి, వాంతులు లేవని చూసుకున్నాకే కిబ్బర్ ఎక్కండి.