బడి బంతిలో కులం మాట

బడిలో కులం మాట ఎత్తకపోతే పిల్లలకు అది అంటదని చాలామంది మాస్టర్లు నమ్ముతారు. కోనసీమలో ఏ ఇల్లు ఊళ్లోదో, ఏ ఇల్లు పేటలోదో పలక పట్టకముందే పిల్లలకు తెలుసు. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై జరిగిన గొడవలో 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు, బస్సులు తగలబడ్డాయి. బడి నోరు మెదపకపోతే అలాంటప్పుడు ఇంట్లో విన్నదే పిల్లలకు పాఠం.

మాట్లాడుకోవడానికి విద్యాహక్కు చట్టం 2009లోనే చోటు చూపింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్లు ఉండాలి, అణగారిన వర్గాలకు వాళ్ల సంఖ్యను బట్టి చోటుండాలి. మన డెల్టాలో చిక్కేమిటంటే, ఆ కమిటీలో ఒకరు చేను గలవారైతే, పక్కనున్నావిడ ఆ చేలోకే ఊడ్పులకు వెళ్లే మనిషి. "మీ అబ్బాయిని ఎవరైనా ఏమైనా అన్నారా అమ్మా?" అని అందరి ముందూ అడిగితే, "అబ్బే, ఏం లేదండి" అనే అంటుంది. రేపటి కూలి పోగొట్టుకోలేదు కదా! అందుకే మొదటి మాట పేటలో, వాళ్ల అరుగు మీదే, పని నుంచి వచ్చాక జరగాలి.

పిల్లల మధ్య కులం మాట మీద గొడవైన రోజే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేయించడం మన ఊళ్ల అలవాటు. అది వద్దు. మాట పడ్డ పిల్లాడి ఇంటివాళ్లు చెప్పేది పూర్తిగా విన్నాకే రెండో ఇంటికి వెళ్లాలి. అక్కడ మీ పెంపకం ఇదీ అని దెప్పితే తలుపులు మూసుకుంటాయి. పిల్లాడు అన్న మాట అన్నట్టే చెప్పాలి. "చిన్నపిల్లలు, వదిలేయండి మాస్టారూ" అంటే, "పడ్డవాడూ చిన్నపిల్లాడేనండి" అనాలి.

బడిలో మనవైపు తప్పులూ చూసుకోవాలి. స్కాలర్‌షిప్ కాగితాల కోసం "ఎస్సీ పిల్లలు లేవండి" అని క్లాసులో పిలవడం ఇకనైనా ఆపాలి. ఆ కబురు తల్లిదండ్రులకు విడిగా చేరవేయొచ్చు.

ఇక అన్నం. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్లకల్లా వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో బడి భోజనానికి పెట్టారు. వంటవాళ్ల నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. "మావాడు బడి అన్నం తినడండి" అని ఎవరైనా అంటే, రుచి నచ్చకా, వండే మనిషి నచ్చకా అని మెల్లగా అడగాలి. రుచైతే సరిచేయొచ్చు. మనిషైతే, హెడ్మాస్టరు ఆవిడ వండినదే పిల్లల బంతిలో కూర్చుని తిని, "వంట మనిషిని మార్చం" అని ఆ ఇంటికి తానే వెళ్లి చెప్పాలి.