ప్రాజెక్టు నడిపే పని ఎవరి చేతికి వస్తోంది?

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పనిచేస్తున్న మొదటి తరం దళిత ఇంజనీర్లతో మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న మాకు తరచూ ఎదురవుతుంది. "అన్నా, పీఎంపీ సర్టిఫికెట్ చేస్తే ఏమన్నా ఉపయోగం ఉంటదా? అంత డబ్బు పెట్టొచ్చా?" ఐదారేళ్లు కోడ్ రాసి, టెస్టింగ్ చేసి, ఇక టీమ్ లీడ్ అవుతామని ఎదురుచూసే దశలో వచ్చే ప్రశ్న ఇది. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేం. మేనేజర్ చేసే పని ఏమిటో, సర్టిఫికెట్ దేనికి సాక్ష్యమో, ఆ రెండింటి మధ్య కులం ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

మేనేజర్ చేసే పని ఏమిటి?

"మేనేజర్ అంటే తను చేయకుండా మనతో చేయించేవాడు" అని టెక్నికల్ టీముల్లో అంటుంటారు. అందులో కోపం ఉంది, కొంత నిజం కూడా ఉంది. కానీ పదుల మంది కలిసి చేసే పనికి కోడ్ ఎంత అవసరమో, ఆ పనిని ఒక క్రమంలో పెట్టడం కూడా అంతే అవసరం. ఏం చేయాలి, ఏది ఇప్పుడు వద్దు, ఎవరి పని పూర్తయితే ఎవరిది మొదలవుతుంది, ఎక్కడ తేడా రావచ్చు, వస్తే ఎవరికి ముందు చెప్పాలి అనేవి ఎవరో ఒకరు చూసుకోవాలి. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' అనే పుస్తకం రాశారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కొత్తగా మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని అందులో వివరించారు. కొత్తవాళ్లకు నేర్పడానికి పాతవాళ్ల సమయం పోతుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన అవసరం కూడా పెరిగిపోతుంది.

మరో ఉదాహరణ నాసాది. అంగారకుడి మీదకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరులో గమ్యం చేరగానే నాశనమైంది. ఒక బృందం లెక్కలు ఇంగ్లిష్ కొలమానాల్లో ఇచ్చింది, రెండో బృందం వాటిని మెట్రిక్ అనుకుంది. మనం ఎక్కువగా వినేది ఇంతవరకే. అయితే దారి లెక్క తేడాగా ఉందని కొందరికి ముందే అనుమానం వచ్చిందని, దాన్ని చివరిదాకా పట్టించుకోలేదని కూడా తర్వాతి విచారణల్లో తేలింది. కింది మనిషి అనుమానం పై టేబుల్ దాకా చేరేలా చూడటం మేనేజర్ పనిలో ముఖ్యమైన భాగం. మాట్లాడితే ఏమవుతుందోనని నోరు మూసుకునే మనుషులు ఉన్న టీములో తప్పులు కూడా నోరు మూసుకునే ఉంటాయి. కులం దాచుకుని, ఎవరి కంటా పడకుండా ఉద్యోగం నెట్టుకొచ్చే దళిత ఇంజనీరుకు ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

సర్టిఫికెట్ ఎందుకు పుట్టింది?

కోడ్ నడుస్తుందో లేదో కంప్యూటరే చెబుతుంది. ప్రాజెక్టును బాగా నడిపారా అనేది మాత్రం మనుషులు చెప్పాలి. చెప్పే మనుషులకు కులం ఉంటుంది. మన దేశంలో కంపెనీలకు దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరాట్, పాల్ అటీవెల్ చేసిన అధ్యయనం 2007లో 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వచ్చింది. చదువు, అర్హతలు ఒకటే ఉన్నా, దళిత ఇంటిపేరు కనబడిన దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం తక్కువని అందులో తేలింది. ప్రైవేటు రంగంలో మనకు రిజర్వేషన్ లేదు. రిఫరల్ ఇచ్చే మేనమామా లేడు. అలాంటప్పుడు బయటి సంస్థ ఒకే పరీక్ష పెట్టి, అందరినీ ఒకే కొలతతో కొలిచి ఇచ్చే కాగితానికి మనవాళ్లకే ఎక్కువ విలువ ఉంటుంది. సర్టిఫికెట్లన్నీ వ్యాపారమేనని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లలో చాలామందికి ఆ కాగితంతో అవసరం పడదు. పరిచయాలతోనే వాళ్ల పని అయిపోతుంది.

పరీక్షకు ముందే ఉన్న గేటు

చిక్కు ఇక్కడే ఉంది. అమెరికాలో 1969లో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పీఎంపీ ఇస్తుంది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు ఆ పరీక్షకు కూర్చోవాలంటే 35 గంటల శిక్షణతో పాటు 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి. డిగ్రీ లేకపోతే 60 నెలలు. ఫీజు వందల డాలర్లలో ఉంటుంది. ఫీజు అప్పు చేసైనా కట్టొచ్చు. ఆ 36 నెలలు ఎక్కడ తేవాలి? మొదటిసారి లీడ్ చేసే అవకాశం పరీక్ష రాస్తే రాదు. మేనేజర్ పిలిచి ఇస్తేనే వస్తుంది. దరఖాస్తు ఆడిట్‌కు వెళ్తే, ఆ అనుభవం నిజమేనని సంతకం పెట్టాల్సింది కూడా చాలాసార్లు ఆ మేనేజరే.

సిస్కో కేసును ఈ కోణంలో మళ్లీ చదవాలి. కాలిఫోర్నియా పౌర హక్కుల విభాగం 2020 జూన్‌లో వేసిన దావాలో జీతం, ప్రమోషన్ విషయాలతో పాటు ఇంకో ఆరోపణ ఉంది. దళిత ఇంజనీరు తన పైఅధికారి మీద ఫిర్యాదు చేశాక, రెండు టెక్నాలజీల మీద ఆయనకున్న లీడ్ బాధ్యతను తీసేశారని ఆ విభాగం చెప్పింది. కంపెనీ ఆరోపణలను ఖండించింది. ఇద్దరు మేనేజర్ల మీద కేసును ఆ విభాగమే 2023 ఏప్రిల్‌లో ఉపసంహరించుకుంది, కంపెనీ మీద కేసు కొనసాగింది. తీర్పు సంగతి పక్కన పెట్టినా, ఒక ఇంజనీరు ఎదుగుదలను ఆపాలంటే ఉద్యోగం తీసేయనక్కర్లేదని, లీడ్ తీసేస్తే చాలని ఈ ఆరోపణ మనకు చెబుతోంది.

మాతో మాట్లాడిన ఒక ఇంజనీరు మూడేళ్ల పాటు క్లయింట్ కాల్స్‌కు నోట్స్ రాశాడు, డిఫెక్టుల జాబితా చూసుకున్నాడు, కొత్తవాళ్లకు పని నేర్పాడు. లీడ్ పేరు మాత్రం ఇంకొకరిది. "చేసింది నేనే అన్నా, కానీ నా దగ్గర రుజువు లేదు" అన్నాడు.

మనం చేయగలిగింది

ఆ ఇంజనీరుకు తెలియని సంగతి ఒకటుంది. పీఎంపీకి మేనేజర్ అనే హోదా అక్కర్లేదు. ప్రాజెక్టును నడిపించిన పని చేసి ఉంటే చాలు. కాబట్టి ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచే నడిపించిన ప్రతి పనినీ తేదీలతో రాసిపెట్టుకోవాలి. కంపెనీ రహస్యాలు బయటికి తేకుండా, మన పని గురించి మాత్రమే రాసుకోవాలి. నోటిమాటగా అప్పగించిన బాధ్యతను "మీరు చెప్పినట్టు ఇది నేను చూసుకుంటున్నాను" అని మెయిల్‌లో ఖాయం చేసుకోవాలి. సంతకం పెట్టగలిగేవాళ్లు, అది సహోద్యోగి కావచ్చు, క్లయింట్ కావచ్చు, ఎవరో ముందే చూసుకోవాలి. విద్యార్థులకు అదే సంస్థ ఇచ్చే సీఏపీఎం ఉంది. దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు.

అయితే ఇదంతా ఒక్కొక్కరి జాగ్రత్త మీద వదిలేస్తే సరిపోదు. ఉద్యోగ పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఎస్సీ స్టడీ సర్కిళ్లలో వీటికీ చోటు ఇవ్వాలని, పరీక్ష ఫీజు సంక్షేమ శాఖ భరించాలని విద్యార్థి సంఘాలు అడగాలి. లీడ్ బాధ్యతలు ఏ ప్రాతిపదికన ఇస్తున్నారో కంపెనీలు రాతపూర్వకంగా చెప్పాలని, వివక్ష వ్యతిరేక విధానంలో కులం అనే మాట చేర్చాలని అడగాలి. ఆపిల్ తన ఉద్యోగుల నియమావళిలో కులాన్ని చేర్చింది. అక్కడ సాధ్యమైనది హైటెక్ సిటీలో ఎందుకు సాధ్యం కాదు?

పీఎంపీ చేయాలా అని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇదే. చేయండి. కానీ ఫీజు కట్టే ముందు ఆ 36 నెలల లెక్క మీ చేతిరాతలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ రాత్రే మొదలుపెట్టండి.