ఆ చప్పుడు అలవాటైందా?

'ఇంత రొదలో ఎలా ఉంటున్నావే?' - మా ఇంటికొచ్చినప్పుడల్లా అక్క అడిగే మాట ఇది. మాది హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు మీదే ఇల్లు. గుమ్మానికి ఎదురుగానే బస్టాపు. 'అలవాటైపోయిందక్కా, ఇప్పుడసలు వినపడనే వినపడదు' అని నవ్వేసేదాన్ని. అత్తయ్యగారి బీపీ వచ్చి ఆ నవ్వు కాస్తా ఆపేసింది.

ఆవిడ వేళకి మందు వేసుకుంటారు. కూరల్లో ఉప్పు తగ్గించాం, పచ్చళ్ల జాడీ అటకెక్కించాం. అయినా పొద్దున్నే చూస్తే పై అంకె 150 దాటేది. డాక్టరుగారు కాగితాలన్నీ తిరగేసి, 'రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?' అన్నారు. 'బాగానే పడుతోంది బాబూ' అన్నారీవిడ. 'పడుకునే గది ఎటువైపు?' 'రోడ్డు వైపే.' అంతే, ఓ రెండు వారాలు నిద్ర సంగతీ, బీపీ సంగతీ రాసి తెమ్మన్నారు.

పుస్తకంలో తేలిందిది!

పాత నోటు పుస్తకంలో గళ్లు గీశాను. రాత్రి ఎన్నిసార్లు కదిలారు, ఏ చప్పుడికి, పొద్దున బీపీ ఎంత? మొదటి మూడు రాత్రులూ ఆవిడ గదిలోనే పడుకున్నా. లారీ హారన్ మోగినప్పుడల్లా కళ్లు తెరవకుండానే అటూ ఇటూ దొర్లేవారు. పక్క వీధి ఫంక్షన్ హాల్లో బరాత్ ఉన్న రాత్రి పన్నెండు దాటినా కునుకు లేదు. తెల్లారి అడిగితే మాత్రం 'హాయిగా పడుకున్నానమ్మాయ్' అన్నారు!

అదెలాగో డాక్టరుగారు చెప్పారు. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. మనం నిద్రపోయినా చెవి వింటూనే ఉంటుంది. పెద్ద చప్పుడైతే మెదడు దాన్ని ప్రమాదంగా లెక్కేస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. మెలకువ రాకపోయినా ఇది జరగొచ్చు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే బీపీ, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. మనసు అలవాటు పడినంతగా ఒళ్లు అలవాటు పడదన్నమాట.

పశ్చిమ ఐరోపాలో వాహనాల రొద వల్ల ఏటా కనీసం పది లక్షల ఆరోగ్యకరమైన జీవిత సంవత్సరాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో లెక్కకట్టింది. అందులో పెద్ద వాటా చెడిన నిద్రదే.

చదువుకీ చేటే

మా అమ్మాయి పదో తరగతి. దాని బల్ల కూడా రోడ్డు కిటికీ పక్కనే! అందుకే న్యూయార్క్ బడి సంగతి చదివి ఉలిక్కిపడ్డాను. ఆ బడి పక్కనే వంతెన మీద రైళ్లు పోతుండేవి. పట్టాల వైపు గదుల్లో కూర్చునే పెద్ద తరగతి పిల్లలు, అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో దాదాపు ఏడాది వెనకబడ్డారని 1975లో వెలువడిన అధ్యయనంలో తేలింది. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేసి, గదుల పైకప్పులకి శబ్దాన్ని పీల్చే పలకలు బిగించారు. ఆ తేడా పోయింది! బడి అదే, మారింది చప్పుడే.

మరి మన ఇంట్లోనూ రెండు వైపులున్నాయి కదా అనిపించింది. వెనక వైపు గదిలో ఏముంది? బియ్యం డబ్బాలు, పాత సామాను! ఆ ఆదివారమే సామానంతా ముందు గదిలోకి చేర్చి, అత్తయ్యగారి మంచం, అమ్మాయి బల్ల వెనక్కి మార్చాం.

ఇక ఫంక్షన్ హాలు. 2000 సంవత్సరం నాటి నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లయినట్టు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. పండుగలకి ప్రభుత్వం ఇచ్చే కొద్ది రోజుల సడలింపు వేరు. మా నోటు పుస్తకం పట్టుకుని వీధిలోని ఐదుగురు ఆడవాళ్లం వెళ్లి మేనేజరుతో మాట్లాడాం. మొదట్లో విసుక్కున్నాడు. పోలీసులకు రాస్తామన్నాక దారికొచ్చాడు. ఇప్పుడు చాలా రాత్రులు పదింటికే పాటలు ఆగుతున్నాయి.

రెండు నెలలయింది. అత్తయ్యగారి బీపీ 140 లోపే ఉంటోంది. డాక్టరుగారు మందు కూడా కాస్త మార్చారు, కాబట్టి ఘనతంతా గదిదే అనను. కానీ రాత్రి నాలుగైదుసార్లు దొర్లే మనిషి ఇప్పుడు ఒక్కసారి లేస్తే గొప్ప. 'ఇన్నాళ్లూ నిద్రంటే అదే అనుకున్నానమ్మాయ్' అన్నారు మొన్న.

మీరూ చేసి చూడండి

* రెండు వారాలు నిద్ర, చప్పుడు, బీపీ వివరాలు రాయండి. డాక్టరుకు చూపించండి. మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.

* పెద్దలకి, పిల్లలకి రోడ్డుకి దూరంగా ఉన్న గది ఇవ్వండి.

* రోడ్డు వైపు గోడకి బీరువాలు, పుస్తకాల అలమరలు పెట్టండి. కిటికీ సందులు మూయించండి.

* ఫోనులో డెసిబెల్స్ చూడొచ్చు. పక్కా లెక్క కాదు గానీ, అంచనాకి పనికొస్తుంది.

* ఫిర్యాదుకి ఒక్కరే కాకుండా నలుగురూ కలిసి వెళ్లండి.