హెల్మెట్ అవగాహన.. జనం నిజంగా మారారా? తేల్చే లెక్క ఇదే!

విజయవాడ బెంజ్ సర్కిల్.. జాతీయ రహదారి, బందరు రోడ్డు కలిసే చోటు. బైక్‌ల రద్దీ సంగతి చెప్పక్కర్లేదు. హెల్మెట్ పెట్టుకుంటే ప్రమాదంలో చనిపోయే ముప్పు దాదాపు 42 శాతం తగ్గుతుందని కాక్రేన్ సమీక్ష అంచనా. అందుకే ర్యాలీలు, సదస్సులు పెడుతుంటారు. మరి వాటితో జనం మారారో లేదో తెలిసేదెలా?

మొత్తం చూస్తే సరిపోదు

ఒక ఉదాహరణ చూద్దాం. ఓ కాలేజీకి బైక్‌పై వచ్చే 200 మందిని గేటు దగ్గర గమనించారనుకోండి. సదస్సుకు ముందు 80 మంది హెల్మెట్‌తో వచ్చారు. నెల తర్వాత అదే 200 మందిలో 100 మంది పెట్టుకున్నారు. సక్సెస్ అనేయొచ్చా? ఆగండి!

ఎవరు మారారో మనిషి మనిషికీ చూడాలి. 30 మంది కొత్తగా పెట్టుకుని 10 మంది మానేసినా పెరిగింది 20 మందే. 65 మంది పెట్టుకుని 45 మంది మానేసినా పెరిగింది 20 మందే. కానీ రెండూ ఒకటి కాదు.

మెక్‌నెమార్ టెస్ట్ అంటే?

అమెరికా సైకాలజిస్ట్ క్విన్ మెక్‌నెమార్ 1947లో చెప్పిన పద్ధతి ఇది. మారని వాళ్లను పక్కన పెట్టాలి. కొత్తగా పెట్టుకున్నవాళ్లకు, మానేసినవాళ్లకు మధ్య తేడా 20. 20ని 20తో గుణిస్తే 400. దాన్ని మారినవాళ్ల మొత్తంతో భాగించాలి.

మొదటి కేసులో 400ను 40తో భాగిస్తే 10. రెండో కేసులో 110తో భాగిస్తే సుమారు 3.6. ఫలితం 3.84 దాటిందంటే.. అసలు మార్పేమీ లేకుండా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం 5 శాతం లోపే. అంటే మొదటి కేసులో మార్పును నమ్మొచ్చు. రెండో కేసులో అలా చెప్పలేం.

మారినా.. క్రెడిట్ ఎవరికి?

అదే నెలలో పోలీసులు చెకింగ్ పెంచితే? హెల్మెట్ లేకపోతే చట్టం ప్రకారం రూ.1,000 ఫైన్. జనం మారింది సదస్సుతోనా, ఫైన్ భయంతోనా? అందుకే సదస్సు జరగని మరో కాలేజీలోనూ ఇలాగే లెక్క తీయాలి.

చిత్తూరు జిల్లాలో ‘సూపర్ అమ్మ’ ప్రచారాన్ని ఇలా పోల్చే పరీక్షించారు. సబ్బుతో చేతులు కడుక్కోవాలని 7 గ్రామాల్లో ప్రచారం చేశారు, మరో 7 గ్రామాల్లో చేయలేదు. మొదట్లో అలా కడుక్కునేది 1, 2 శాతమే. ఆరు నెలలకు ప్రచారం చేసిన ఊళ్లలో 37 శాతానికి పెరిగితే, చేయని ఊళ్లలో 6 శాతం దగ్గరే ఉంది. 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో ఈ ఫలితాలు వచ్చాయి.

మీ కాలేజీలోనో, ఆఫీసులోనో ఇలాంటి సదస్సు పెడుతుంటే.. ముందు లెక్క ముందే రాసుకోండి. సదస్సు అయిపోయాక అది మళ్లీ దొరకదు!