ఎంగేజ్‌మెంట్ విషెస్ కార్డ్: పంపే ముందు పేర్లు చూసుకోండి!

పోయిన నెల మా ఫ్రెండ్ నిశ్చితార్థానికి హడావుడిగా ఒక కార్డ్ చేసి పంపాను. పాత డిజైన్‌లోనే అబ్బాయి పేరు మార్చా, అమ్మాయి పేరు మార్చడం మర్చిపోయా. అదీ వాళ్ల ఫ్యామిలీ గ్రూప్‌లో! వాడు వెంటనే ఫోన్ చేసి, "ఒరేయ్, ఈ అమ్మాయి ఎవరని మా కాబోయే అత్తగారు అడుగుతున్నార్రా" అన్నాడు. నేను డిలీట్ చేసేలోపే అందరూ చూసేశారు.

అందుకే చెప్తున్నా, పూలూ ఉంగరాలూ తర్వాత, ముందు పేర్లు. శిరీషా, సిరీషా? వాళ్లు పంపిన ఇన్విటేషన్ తెరిచి, అందులో ఎలా ఉంటే అలాగే టైప్ చేయండి. డిజైన్‌లో "వివాహ శుభాకాంక్షలు" అని ఉంటే మార్చండి, ఇంకా పెళ్లి కాలేదు కదా! ఇంకోటి, "హార్ధిక" కాదు, "హార్దిక". ఈ తప్పు ఫ్లెక్సీల మీద కూడా కనిపిస్తుంది.

కొన్ని యాప్స్‌లో తెలుగు ఒత్తులు విడిపోతాయి. "నిశ్చితార్థం" అని టైప్ చేసి చూడండి, శ్చి, ర్థం రెండూ సరిగ్గా వస్తే ఆ ఫాంట్ ఓకే. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న ఫ్రీగానే దొరుకుతాయి. పేర్లకి నాకు రామభద్ర ఇష్టం, కాస్త లావుగా నిండుగా ఉంటుంది.

స్టేటస్‌కైతే సైజు 1080×1920 పెట్టుకోండి. వాట్సాప్‌లో ఫోటోలా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఇక మెసేజ్. "మీ జీవితం సుఖసంతోషాలతో..." అని అందరూ పంపేదే. మీకు మాత్రమే తెలిసిన ఒక్క ముక్క రాయండి. నేను రెండో కార్డ్‌లో, "నాలుగేళ్లు నా పక్క బెంచీలో నిద్రపోయినవాడికి, వాణ్ని నిద్ర లేపబోయే అమ్మాయికి" అని రాశా. ఈసారి పేర్లు మూడుసార్లు చూసుకున్నా. వాడు దాన్నే స్టేటస్ పెట్టుకున్నాడు.